మామ కోసం తెప్పించిన ముల్లులేని చేప

మా మామకు కుడికంటి శుక్లం ఆపరేషన్ అయిన రెండో రోజు పొద్దున, ఉప్మా తింటూ, చేప కావాలన్నాడు.

అడిగింది నన్ను కాదు, కూతురిని. నా భార్య మహబూబ్‌నగర్‌లో ఒక దవాఖానలో నర్సు. డ్యూటీ దిగి ఇంటికొచ్చినా ఆమెలోని నర్సు మాత్రం దిగదు. తండ్రిని కొల్లాపూర్ నుంచి తీసుకొచ్చి ఆపరేషన్ చేయించిన రోజే ముందుగదిలో మంచం వేయించి, ఆయన చేయకూడని పనులన్నీ చదివి వినిపించింది. వంగొద్దు, బరువెత్తొద్దు, పొగ దగ్గర కూర్చోవద్దు, కన్ను నలపొద్దు, గట్టిగా దగ్గొద్దు, తుమ్మొద్దు.

"తుమ్ము నన్నడిగి వస్తదా బిడ్డా?" అన్నాడాయన.

చేప మాట వినగానే ఆమె ఉప్మా గిన్నె మీంచి తల కూడా ఎత్తలేదు. "ముల్లు ఇరికితే దగ్గుతవ్. దగ్గితే కంటి మీద జోరు పడతది. ఆ ఎడమకన్ను ఎట్లాగూ సక్కగ కనవడదు నీకు. వారం దాక చేప లేదు నాయినా."

"ముల్లు నాకు ఇరుకుతదా?" అని మామ తన నల్లకళ్లద్దాలను నెమ్మదిగా నా వైపు తిప్పాడు. "నేనేమన్న మక్తలోన్నా?"

మక్తల్ వాడిని నేను. ఆ ఒక్క మాట వెనక చాలా ఏళ్ల కథ ఉంది.

మా ఊరు మక్తల్ పక్కన. జొన్న, కంది, పల్లికాయ పండే నేల. కృష్ణ మాకు మరీ దూరమేమీ కాదు గానీ, మా ఇంట్లో చేప వండడం అంటే ఏడాదికి ఒకటి రెండుసార్లే. మా అమ్మానాయినలు కూలికి పోయి నన్ను చదివించారు, చేపలు తినడం నేర్పించే తీరిక వాళ్లకు దొరకలేదు. తెలంగాణ వచ్చిన ఏడాదే నాకు కొల్లాపూర్ పిల్లతో పెళ్లయింది. వాళ్లింట్లో ఆదివారం చర్చి ఎట్లాగో చేప అట్లాగ. మామ ముప్పై ఏళ్లు సర్కారు హాస్టల్‌లో వంటమనిషిగా పనిచేశాడు. వారమంతా రెండు వందల మంది పిల్లలకు అన్నం, పప్పు, సాంబారు వండి, ఆదివారం సోమశిల రేవుకు సైకిల్ మీద పోయి తన ఇంటికి చేప తెచ్చుకునేవాడు. ఆ ఇంట్లో వాళ్లు మాట్లాడుకుంటూనే బొచ్చె చేప ముక్క నోట్లో పెట్టుకుంటారు. ఒక పక్క నుంచి మాట, ఇంకో పక్క నుంచి ముల్లు, రెండూ దేని దారిన అవి బయటికొస్తాయి.

కొత్త అల్లుడిగా నేను పోయిన మొదటిసారి మా అత్త బొచ్చె పులుసు వండింది. మూడో ముద్దకే నా గొంతులో ముల్లు ఇరికింది. ఉత్త అన్నం ముద్దలు చేసి మింగించారు. అరటిపండు తినిపించారు. వీపు మీద గుద్దారు. ఏదీ పని చేయక చివరికి మామ నన్ను బండి మీద ఎక్కించుకుని డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాడు. డాక్టర్ పట్టకారుతో ముల్లు తీసి, దూది మీద పెట్టి, ఎందుకో మామ చేతికిచ్చాడు. మామ దాన్ని పారేయలేదు. వచ్చేదారిలో చాయ్ హోటల్ దగ్గర బండి ఆపి, "మా అల్లునికి ఇరికింది గిదే" అని నలుగురికి చూపించాడు.

అప్పటి నుంచి కొల్లాపూర్‌లో ఎప్పుడు చేప వండినా నా కంచంలో రెండు ఉడికిన గుడ్లు పడేవి. చుట్టాలెవరైనా ఉంటే మా అత్త వాళ్ల చెవిలో, "అల్లునికి చేప రాదు" అని చెప్పేది. ఈత రాదు అన్నట్టు.

అందుకని ఆ పొద్దున, ఉప్మా ముందు కూర్చుని, నేను ఒక నిర్ణయానికి వచ్చాను. మామకు చేప పెడతాను. ముల్లు లేని చేప పెడతాను. నేనే వండి, ఆయన పక్కనే కూర్చుని తింటాను.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. కొర్రమట్ట తెస్తే సరిపోయేది. నడుమ ఉండే ముల్లు తీసేస్తే దాంట్లో గుచ్చుకునేవి పెద్దగా ఉండవు. ఆ సాయంత్రం నా భార్య కూడా అదే అన్నది: "అంత పెట్టబుద్ధి అయితే కొర్రమట్ట తే, ముల్లు నేను తీసి పెడత." కానీ కొర్రమట్ట మామకు చిన్నప్పటి నుంచి తెలిసిన చేప. దాంట్లో నా గొప్ప ఏముంది?

మా ఆఫీసులో ఒక సీనియర్ అసిస్టెంట్ ఉన్నాడు. రోజూ హైదరాబాద్ నుంచి రైల్లో వచ్చి, రైల్లో పోతాడు. ఆయన కూతురు ఎయిర్ ఫ్రయ్యర్‌లో సాల్మన్ చేప వండుతుందని, తియ్యగా, కారంగా ఉంటుందని, వెతికినా ముల్లు దొరకదని ఆయన వారానికొకసారైనా చెప్పేవాడు. ఎయిర్ ఫ్రయ్యర్ మా ఇంట్లోనూ ఉంది. నా రక్తపరీక్షలో కొవ్వు ఎక్కువ వచ్చినప్పుడు నా భార్య కొన్నది. రెండుసార్లు ఆలుగడ్డలు, నాలుగుసార్లు అప్పడాలు వేశాక అది ఫ్రిజ్ మీదికెక్కి కూర్చుంది. దాని మీద ఒక పువ్వుల గుడ్డ కూడా కప్పాం.

నేను అడగగానే ఆ పెద్దమనిషి మరునాడే చిన్న థర్మోకోల్ డబ్బాలో ఐసు పెట్టించుకుని నాలుగు ముక్కలు పట్టుకొచ్చాడు. "షాద్‌నగర్ దాకా అందరూ ఇదేం మందు, ఎవరికి అని అడిగిండ్రయ్యా," అన్నాడు. ఆఫీసులో డబ్బా మూత తీసి చూపించాడు. లోపల క్యారెట్ హల్వా రంగులో నాలుగు ముక్కలు, ఒక పక్క వెండి తోలుతో. అటెండర్ తొంగి చూసి, "గిది చేపనా సార్? రంగు గిట్ల ఏసిండ్రా?" అన్నాడు. దాని రంగే అది అని, ముల్లు ఒక్కటి కూడా ఉండదని, ఏదో నేనే పట్టుకొచ్చినట్టు అందరికీ చెప్పాను.

ఇంటికి తెచ్చాక మామ పేరు అడిగాడు.

"సాల్మన్, మామా."

"సాల్మనా?" మామ మంచం మీద లేచి కూర్చున్నాడు. "మా చర్చి సంఘపెద్ద పేరు గదా గది! ఆయన పేరెందుకు పెట్టిండ్రు చేపకు?"

"ఆయన పేరు కాదు మామా. చేప పేరే గంత. సముద్రంల ఉంటది, చల్లటి దేశాల్ల."

"ఎక్కడి దేశం చేపనో ఐసుల పెట్టి, రైలెక్కిచ్చి, పాలమూరు దాక తెచ్చినవ్. కొల్లాపూర్ చేప బస్సెక్కి తనంతట తనే వస్తుండె," అని మళ్లీ పడుకున్నాడు.

మరునాడు పొద్దున నా భార్యకు చేప చూపించి, ముక్క మీద వేలితో అటూ ఇటూ రాసి, ముల్లు లేదని ఒట్టు వేసినంత పని చేశాను. ఆమె కాసేపు చూసి, "సరే. కానీ నాయిన కంటికేమన్న అయితే నీ కండ్లు నేను చూస్త," అని డ్యూటీకి పోయింది.

పెద్దమనిషి కూతురు రాసిచ్చిన చీటీలో తేనె, సోయా సాస్, ఏదో ఎర్ర సాస్ ఉన్నాయి. మా ఇంట్లో తేనె లేదు. బెల్లం కరిగించి పాకం పట్టాను. ఎర్ర సాస్ బదులు మక్తల్ నుంచి మా అమ్మ పంపిన కారప్పొడి వేశాను. అది మామూలు కారం కాదు. దాన్ని మా ఇంట్లో సగం చెంచా లెక్కన వాడతాం. చీటీలో కారం రెండు చెంచాలని ఉంది, నేను రెండు చెంచాలే వేశాను. వెల్లుల్లి దంచి, నిమ్మకాయ పిండి, ఉప్పు కలిపి, ఆ పాకం రెండు ముక్కలకు మందంగా పూశాను. మిగతా రెండు ముక్కలు ఫ్రిజ్‌లో దాచాను. అదొక్కటే ఆ రోజు నేను చేసిన తెలివైన పని.

ఎనిమిది నిమిషాలు చాలని చీటీలో ఉంది. ఎనిమిది నిమిషాల్లో చేప ఉడుకుతుందంటే నాకు నమ్మకం కలగలేదు. వేడి రెండు వందలకు పెట్టి, టైము ఇరవైకి తిప్పి, స్నానానికి పోయాను.

తల మీద మొదటి చెంబు పోసుకున్నప్పుడే ముందుగదిలోంచి తుమ్ము వినిపించింది. వెంటనే రెండోది. మూడోదానికి నేను లుంగీ చుట్టుకుని బయటికి ఉరికాను. ఇల్లంతా నల్లటి ఘాటు. బెల్లం మాడి, కారం మాడి, ఆ వేడిగాలి రెండింటినీ కలిపి ఇంటి నిండా చల్లుతోంది. మామ మంచం మీద కూర్చుని, ఒక చేత్తో కంటి అద్దాలను, ఒక చేత్తో ముక్కును పట్టుకుని, "ఆపు... దాన్ని... ఆపు..." అంటూ తుమ్ముకీ తుమ్ముకీ మధ్య నన్ను తిడుతున్నాడు. ఎదురింటావిడ గేటు దగ్గరికొచ్చి, "దిష్టి తీసిండ్రా అన్నా? మిరపకాయలు శానా వేసినట్టుండ్రు," అని అడిగింది.

నేను వైరు పీకి, కిటికీలు తెరిచి, మామను వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టాను. లెక్కపెట్టుకున్నాను, మొత్తం పదకొండు తుమ్ములు. భార్యకు ఫోన్ చేయడం తప్పలేదు. ఆమె విని వెంటనే బయలుదేరింది. ఆటోలో వచ్చి తండ్రిని తీసుకుని కంటి డాక్టర్ దగ్గరికి పోయింది. నేను వెనక బండి మీద పోయాను. దారి పొడుగునా, రెండు గుడ్లతో సరిపెట్టుకోలేక ముసలాయన కన్ను పోగొట్టానా అనిపించింది.

డాక్టర్ చూసి, కంటికేమీ కాలేదన్నాడు. "ఏం వండిండ్రు ఇంట్ల?" అని అడిగాడు.

"సాల్మను," అన్నాడు మామ గంభీరంగా.

ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. మాడిన ముక్కలు గీకి పారేసి, ఫ్రయ్యర్ బుట్టను చింతపండుతో తోముతూ పెరట్లో కూర్చున్నాను. నా భార్య కొంచెం సేపు చూసి, లోపలికి పోయి, మళ్లీ వచ్చి, "సబ్బు నీళ్లల్ల నానబెట్టు, గట్ల గీకితే పాడైతది," అన్నది. అది మాటలు మొదలయ్యాయనడానికి గుర్తు.

మరునాడు మధ్యాహ్నం మామే పిలిచాడు. ఆ రోజు నాకు సెలవు.

"ఇంక రెండు ముక్కలున్నయన్నవ్ కదా?"

"ఉన్నయ్ మామా. వద్దులే."

"వద్దంటే ఎట్ల? సంఘపెద్ద పేరు పెట్టుకుని వచ్చింది. తియ్యి." కుర్చీ వంటింటి గడప బయట, గాలి తగిలే చోట వేయించుకున్నాడు. "నిన్న బెల్లం ఎప్పుడేసినవ్?"

"ముందే పూసిన."

"రెండు వందల మందికి పరమాన్నం వండినోన్ని ఇంట్ల పెట్టుకుని, బెల్లం ముందే ఏసినవా?" ఆయన గొంతులో కోపం కంటే బాధ ఎక్కువగా ఉంది. "ముక్క తడి తుడువు. ఉప్పు, ఎల్లిగడ్డ, కారం పట్టియ్యి. కారం సగం చెంచా, మీ అమ్మ కారం నాకు ఎరుకే. బెల్లం పాకం పక్కకు పెట్టు. నేను చెప్పినప్పుడు ఎయ్యి."

ఆయన చెప్పినట్టే చేశాను. ఫ్రయ్యర్ మూయగానే, ఆ గురగుర శబ్దం వింటూ, "ఎన్ని ముక్కలు పడతయ్ దీంట్ల?" అని అడిగాడు.

"నాలుగు పడతయ్."

"నాలుగు ముక్కలకు గింత లొల్లి చేస్తదా ఇది?" అని నవ్వాడు. తర్వాత తల ఒక పక్కకు వంచి, ముక్కుతో వింటున్నట్టు కూర్చున్నాడు. నేను గడియారం చూస్తున్నాను. ఆరో నిమిషం నిండుతుండగా, "ఇప్పుడు తియ్యి. బెల్లం పుయ్యి," అన్నాడు. పూసి మళ్లీ పెట్టాను. ఇంకో రెండు నిమిషాలకు, "చాలు. ఇంకొంచెముంటే చేదెక్కుతది," అన్నాడు. చీటీలో రాసిన ఎనిమిది నిమిషాలే అయ్యాయి. ఆ చీటీ ఆయన ఎన్నడూ చూడలేదు.

బుట్ట లాగితే, ముక్కల మీద బెల్లం గాజులాగా మెరుస్తోంది. అంచులు కొంచెం ముదురు రంగు. నేను ఆగలేక వేలు పెట్టి కాల్చుకున్నాను.

అప్పటికి నా భార్య డ్యూటీ నుంచి వచ్చింది. వేడన్నం, పప్పుచారు, ముగ్గురికీ పంచిన ఆ రెండు ముక్కలు. మామ తినే ముందు ప్రార్థన చేస్తాడు. ఎప్పుడూ చేసేది రెండు మాటల ప్రార్థన. ఆ రోజు మాత్రం పొడిగించాడు.

"ప్రభువా, ఈ చేప ఎక్కడిదో నాకు తెల్వదు, నీకు తెలుసు. మా అల్లుడు దీన్ని నా కోసం తెప్పిచ్చిండు. నిన్న నాకు పదకొండు తుమ్ములు తెప్పిచ్చినా, మనసు మంచిదే. ఆయన చేతులకు తెలివియ్యి. ఆయన గొంతును కాపాడు. ఆమెన్."

నా భార్య కళ్లు మూసుకునే నవ్వాపుకుంటోంది. భుజాలు కదలడం నాకు కనిపించింది.

మామ మొదటి ముద్ద తిన్నాడు. రెండో ముద్ద. ఆయన వేళ్లు అలవాటుగా చేపను విప్పి, ముల్లు కోసం తడుముతున్నాయి. ఏమీ దొరకక తికమక పడి మళ్లీ అన్నంలోకి పోతున్నాయి. "మెత్తగ మంచిగనే ఉంది," అన్నాడు. "పండ్లు లేనోళ్లకు మంచిది. కానీ చేప తింటున్నట్టు లేదు. హల్వా తిన్నట్టుంది."

నేను నా ముక్క గబగబా తింటున్నాను. పెళ్లయిన తర్వాత మామ పక్కన కూర్చుని నేను భయం లేకుండా తిన్న మొదటి చేప అది. తియ్యటి పైపొర, దాని వెనకే కారం, లోపల వెన్నలాంటి ముక్క. నిజంగా బాగుంది.

ఉన్నట్టుండి మామ నమలడం ఆపాడు.

నోరు కదలడం లేదు. దవడ ఒక పక్కకు పోయింది. నా భార్య చెయ్యి కడుక్కోకుండానే లేచి నిలబడింది. మామ రెండు వేళ్లు నోట్లో పెట్టి, నిదానంగా, దారం లాగినట్టు ఏదో లాగాడు. వెంట్రుక కంటే కొంచెం లావుగా, సగం వేలంత పొడుగున్న తెల్లటి ముల్లు.

"దొరికింది!" అన్నాడు.

ఆ మొహం నేను మర్చిపోలేను. నల్లకళ్లద్దాల కింద మొత్తం విచ్చుకుంది. "దొరికింది బిడ్డా, చూడు! లేదన్నడు మీ ఆయన. సముద్రం చేపనైతేంది, కృష్ణ చేపనైతేంది. చేప చేపనే."

నా భార్య నన్ను చూసింది. నేను అన్నాన్ని చూశాను. మామ ఆ ముల్లును కంచం అంచు మీద పెట్టుకుని, మిగిలిన ముక్కంతా అన్నంతో కలిపి, ఒక్క మెతుకు మిగలకుండా తిన్నాడు. ఇంకా ఉందా అని అడిగాడు. లేదంటే, నా భార్య తన ముక్కలో మిగిలింది ఆయన కంచంలో వేసింది.

పది రోజుల తర్వాత ఆయన్ని కొల్లాపూర్ బస్సు ఎక్కించాం. బస్సు దిగిన సాయంత్రమే మా అత్త దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. నమస్కారం లేదు, బాగున్నారా లేదు.

"ఏం పెట్టినవ్ నాయినా ఆయనకు? ఇన్నేండ్లు నా చేతి కూర తిని ఒక్కనాడు బాగున్నదన్లే. ఇప్పుడేమో అల్లుడు డబ్బాల చేప వండిండు, బెల్లమేసిండు, గట్ల వండు అంటుండు. బొచ్చెల బెల్లమెవరేస్తరు?"

"వద్దత్తమ్మా, బొచ్చెల వెయ్యొద్దు."

"ఏసిన. నోరు మూయిద్దమని ఏసిన. తిన్నడు. మళ్ల వెయ్యమంటుండు." గొంతు తగ్గించింది. "నువ్వు నిజంగ చేప తిన్నవా?"

"తిన్న."

"ముల్లు?"

"మామకు దొరికింది."

ఆమె పకపకా నవ్వింది. ఫోన్ పెట్టేశాక కూడా ఆ నవ్వు నా చెవిలో చాలా సేపు ఉంది.

మూడు నెలలకు ఎడమకంటి ఆపరేషన్‌కు మామ మళ్లీ వచ్చాడు. ఈసారి ఒక రోజు ముందే వచ్చాడు. చేతిలో సంచి, సంచిలో మంచు కలిపిన ప్లాస్టిక్ కవరు, కవరులో కడిగి ముక్కలు చేసిన ఎనిమిది కిలోల చేప. కుడికన్ను బాగా కనిపిస్తోందని, అల్లుడి వంతు ముక్కలకు ముళ్లు తనే కూర్చుని తీసి, వేరే పొట్లం కట్టానని చెప్పాడు. ఫ్రయ్యర్ ఫ్రిజ్ మీంచి దింపమన్నాడు.

"ఇంత చేప ఎవరు తింటరు నాయినా?" అన్నది నా భార్య.

ఆయనకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. నలుగురికి వండడం ఆయనకు తెలియదు. పదకొండు గంటలకు కారం, ఉప్పు, వెల్లుల్లి పట్టించడం మొదలుపెట్టాడు. పన్నెండుకు ఫ్రయ్యర్ నడిచింది. నాలుగు ముక్కలు, పాకం, ఇంకో నాలుగు ముక్కలు, పాకం. నేను బుట్ట లాగుతున్నాను, ఆయన పూస్తున్నాడు, నా భార్య పళ్లేల్లో సర్ది, పైనింటికి, పక్కింటికి, ఎదురింటావిడకు పంపుతోంది. ఎదురింటావిడ ఖాళీ పళ్లెం తెచ్చి, ఈసారి దిష్టి తియ్యలేదా అన్నా అని అడిగి, ఇంకో రెండు ముక్కలు పట్టుకుపోయింది. మూడు గంటలకు ఫ్రయ్యర్ పైభాగం ముట్టుకుంటే కాలుతోంది. దాన్ని కాసేపు చల్లారనివ్వాలని నేనంటే, "నువ్వు కూసో, దాన్ని నడవనీ," అన్నాడు మామ.

చివరి నాలుగు ముక్కలు దించేసరికి అయిదు దాటింది. అప్పుడు గుర్తొచ్చింది, మేం ముగ్గురం ఇంకా అన్నం తినలేదని. వంటింట్లోనే, నిలబడే, బుట్టలోంచి చేత్తో తీసుకుని తిన్నాం.